తొలకరి వాన, కడవరి వాన



ఈ సంచిక మీ ఇంటికి చేరేసరికి దసరా సెలవులు అయిపోయి, పిల్లలు మళ్ళీ పుస్తకాల సంచులు భుజాన వేసుకొని ఉంటారు. మా చెన్నైలో మాత్రం అసలు హడావుడి అప్పుడే మొదలు. గొడుగులు బాగుచేయించుకోవటం, డాబా మీద నీళ్ళు పోయే గొట్టాల్లో ఆకులు తీయించటం, స్కూటరును కాస్త మెరకగా ఉన్న చోటికి మార్చటం, ఇవన్నీ ఇక్కడ అక్టోబరు పనులు.

మనమంతా తెలుగువాళ్ళమే గాని, మన వానలు వేరువేరు, గమనించారా? బరంపురంలో ఉన్న మన సభ్యులకు వానలు జూన్‌లో మొదలవుతాయి, అక్టోబరు వచ్చిందంటే తుపాను భయం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన సంగతి వాళ్ళు ఈ జన్మకు మరచిపోరు. షోలాపూరు, బళ్ళారి మిత్రులకు నాలుగు మంచి వానలు పడితే అదే పదివేలు. యానాంవారి సంగతి వేరు. నెత్తిన మబ్బు లేకపోయినా, ఎగువన ఎక్కడో కురిసిన వానకు గోదావరి ఇంటి గుమ్మం దాకా వచ్చి పలకరిస్తుంది. ఇక మాకు, ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే. ఊరంతా జూన్‌లో తడుస్తుంటే మేం చెమటతో తడుస్తాం.

మా అమ్మకు 82 ఏళ్ళు. పెళ్ళయి ఒంగోలు పక్క పల్లె నుంచి ఈ ఊరు వచ్చి 60 ఏళ్ళు దాటింది. అయినా ఏటా జూన్ మొదటి వారం పోగానే, ఫ్యాను కింద కూర్చుని విసనకర్ర కూడా ఊపుకుంటూ, "మృగశిర వచ్చేసింది, మనూళ్ళో తొలకరి పడి ఉంటుంది" అంటుంది. మనిషి ఇక్కడ ఉన్నా ఆమె పంచాంగం ఇంకా ఒంగోలు పొలాల్లోనే ఉంది. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి పెద్దవాళ్ళు ఉండే ఉంటారు.

ఈ తొలకరి అన్న మాట గురించే ఈసారి నాలుగు ముక్కలు రాద్దామనుకున్నాను.

మా ఇంట్లో రాత్రి భోజనాలకు ముందు కుటుంబ ప్రార్థన జరుగుతుంది. ఒకనాడు యాకోబు పత్రిక 5వ అధ్యాయం వచ్చింది. రైతు పంట కోసం ఎలా ఓర్పుతో ఎదురుచూస్తాడో, మీరూ అలా ఉండండి అని చెప్పే చోటు. అక్కడ రెండు వానలు కనబడతాయి. ఒకటి తొలకరి, రెండోది కడవరి. మా పెద్ద కోడలు తమిళుల అమ్మాయి. ఆమె తన తమిళ బైబిలు చూసి, "మా దాంట్లో మున్‌మారి, పిన్‌మారి అని ఉంది మామయ్యా" అంది. ముందు వాన, వెనుక వాన అన్నమాట. అప్పుడు మా అమ్మకు ఒక సందేహం వచ్చింది. "తొలకరి అంటే జూన్ గదా. యేసుప్రభువు దేశంలో కూడా జూన్‌లోనే పడుతుందా?"

పడదు. ఆ దేశంలో మే నుంచి సెప్టెంబరు వరకు దాదాపు చుక్క వాన ఉండదు. నేల ఎండి రాయిలా బిగుసుకుపోతుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో మొదటి వానలు పడితేగాని నాగలి దిగదు, విత్తనం పడదు. అదే వాళ్ళ తొలకరి. చలికాలమంతా వానలు పడి, చివరికి మార్చి, ఏప్రిల్ నెలల్లో పడే వాన గింజ పాలుపోసుకోవటానికి పనికివస్తుంది. అది కడవరి. ఆ తరువాత పస్కా పండుగ నాటికి యవలు, పెంతెకొస్తు నాటికి గోధుమలు కోతకు వస్తాయి. రూతు కథలో ఆమె పరిగె ఏరుకున్నది యవల కోత మొదలు గోధుమల కోత అయ్యేదాకా.

ఇది చెప్పేసరికి అమ్మ ముఖం వికసించింది. "అయితే వాళ్ళ తొలకరి మన చెన్నై వానతో పాటే వస్తుందన్నమాట!" అంది. అరవై ఏళ్ళుగా ఈ ఊరి వానను పరాయి వానలాగే చూసిన మనిషి, ఆ రోజు నుంచి అక్టోబరు వానను కూడా తొలకరి అంటోంది.

నాకు తోచింది ఇంతే. వాన ఎక్కడైనా వానే. కాని పక్కవాడి నెల మన నెల కాదు. జూన్ దాటిపోయిందని చెన్నైలో ఎవరూ దిగులుపడరు, తమ వంతు అక్టోబరులో ఉందని తెలుసు కనుక. కుటుంబాల్లో మాత్రం మనం ఈ తెలివి మరచిపోతాం. పక్కింటి అబ్బాయికి 23 ఏళ్ళకు ఉద్యోగం వస్తే, మన అబ్బాయికీ ఆ నెలలోనే రావాలి. చెల్లెలి కూతురికి సంబంధం కుదిరితే, మన అమ్మాయికీ ఆ మాఘమాసంలోనే కుదరాలి. ఎవరి వాన ఎప్పుడో మనమే కేలండరు మీద సున్నా చుట్టి, ఆ రోజు చినుకు పడకపోతే దేవుణ్ణి సంజాయిషీ అడుగుతాం.

బి.కాం. చదివి, ముప్పై ఏళ్ళు బ్యాంకు బల్ల వెనుక కూర్చున్నవాణ్ణి. గడువు అన్న మాట వింటే నా చెయ్యి అలవాటుగా కలం మీదికి పోతుంది. అందుకని ఒక బ్యాంకు సంగతి చెబుతాను, విసుక్కోకండి. 2004 నుంచి మా నిబంధన ఏమిటంటే, మామూలు అప్పుకు వాయిదా మీరి 90 రోజులు దాటితే అది మొండి బాకీల పద్దులోకి పోతుంది. లారీ అప్పయినా, దుకాణం అప్పయినా అంతే. కాని వరిలాంటి తక్కువకాలపు పంటల మీద ఇచ్చిన అప్పుకు రోజుల లెక్క లేదు. రెండు పంట కాలాలు దాటేదాకా దాన్ని మొండి బాకీ అనకూడదు. ఎక్కడా కనికరం ఎరగని లెడ్జరు కూడా రైతు దగ్గరికి వచ్చేసరికి రోజులు మాని ఋతువులను లెక్కపెడుతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను తిరువళ్ళూరు వైపు ఒక పల్లె బ్రాంచిలో పనిచేశాను. అక్కడి మేనేజరు గారు పెద్దాయన. సాంబా వరి మీద అప్పు తీసుకున్నవాళ్ళ పొలాలకు మమ్మల్ని మోటారు సైకిలు మీద పంపేవారు. "గడువు ఇచ్చి ఊరుకుంటే అది దయ కాదయ్యా, బద్ధకం. మధ్యలో వెళ్ళి చేను చూడాలి. నీరుందా, పురుగు పట్టిందా, మనిషి ధైర్యంగా ఉన్నాడా అని అడగాలి" అనేవారు. ఆయన నుదుట విభూతి పెట్టుకునే మనిషి. బైబిలు చదివి ఉండరు. కాని లూకా సువార్త 13వ అధ్యాయంలో తోటమాలి చెప్పిందీ ఇంచుమించు అదే. యజమాని మూడేళ్ళుగా వచ్చి చూస్తున్నాడు, అంజూరపు చెట్టుకు కాయ లేదు. కొట్టెయ్యమన్నాడు. తోటమాలి ఇంకొక్క ఏడాది అడిగాడు. ఊరికే అడగలేదు. చుట్టూ తవ్వుతాను, ఎరువు వేస్తాను అన్నాడు. ఆ ఏడాది గడిచాక చెట్టు కాసిందా లేదా అన్నది మాత్రం ప్రభువు చెప్పలేదు. చిన్నప్పుడు ఆదివారపు బడిలో ఈ కథ సగంలో ఆగినట్టు ఉండేది. ఇప్పుడు అలా అనిపించటం లేదు.

మన తెలుగు నేల మీద జరిగిన ఒక సంగతి దీనికి సరిపోతుంది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తెలుగువారి మధ్య పని మొదలుపెట్టింది 1836లో. శామ్యూల్ డే గారు కొన్నాళ్ళు మా మద్రాసులోనూ ఉండి, 1840లో నెల్లూరు చేరారు. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అమెరికాలో పెద్దలు ఈ పని మూసేద్దామా అని ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ చర్చించారు. మా భాషలో చెప్పాలంటే రైటాఫ్ దాకా వచ్చిన పద్దు. 1854 జనవరి 1 తెల్లవారుజామున జూయెట్ దంపతులు మరికొందరితో కలిసి ఒంగోలు కొండ ఎక్కి, ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థన చేశారు. ఆ కొండను నేటికీ ప్రార్థన కొండ అనే అంటారు. క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. అంటే ఆ ప్రార్థనకు 12 ఏళ్ళు.

తరువాత 1876లో వానలు ఎగ్గొట్టాయి. 1878 దాకా సాగిన ఆ మహా కరువులో మద్రాసు రాష్ట్రం అల్లాడిపోయింది. కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్వుతుంటే, క్లౌ గారు మూడు మైళ్ళకు పైగా కాలువ పని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించారు. మా ముత్తాతల్లో ఒకరు ఆ కాలువలో తట్ట మోశారని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆ కాలువే ఇప్పుడు మా చెన్నై నడిబొడ్డున, ముక్కు మూసుకుంటేగాని దాటలేని స్థితిలో ఉంది. అది వేరే బాధ.

నాకు గొప్పగా తోచేది తరువాతి విషయం. కూలి పుచ్చుకున్నవాళ్ళు బాప్తిస్మం ఇమ్మని గుంపులుగా అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వచ్చారన్న మాట వారి మీద పడకూడదని, కరువు సాయం సాగినంత కాలం, ఏడాదికి పైగా, ఆపి ఉంచారు. సాయం ఆగిపోయింది, జనం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంకె పెద్దదని అందరూ దాన్నే చెబుతారు. లెక్కల మనిషినైనా నేను ఆ అంకె కంటే, దానికి ముందు ఆగిన ఆ ఏడాదినే ఎక్కువగా తలుచుకుంటాను.

పెద్దల సంగతి అలా ఉంచి, మా ఇంటి సంగతికి వస్తాను. మా చిన్నవాడు బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాడు. గత ఏడాది జూన్‌లో వాళ్ళ కంపెనీ కొంతమందిని తీసేసింది. అందులో మావాడొకడు. రెండు పెట్టెలతో ఇంటికి వచ్చాడు. మొదటి నెల రోజులు ఇంటర్వ్యూలన్నాడు. ఆ తరువాత గది తలుపు మూసుకోవటం ఎక్కువైంది. మందిరానికి రావటం మానేశాడు. ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల మీద ప్రతి ఒక్కరూ అడిగేవారు, "చిన్నబ్బాయి కనబడటం లేదే?" అని. అడిగినవాళ్ళది ప్రేమే. కాని మా ఆవిడ ఆ మెట్లు దిగటానికే భయపడే స్థితి వచ్చింది. పాస్టరు గారిని ఇంటికి పిలిచి వాడికి బుద్ధి చెప్పిద్దామని ఆమె, కొంచెం ఆగుదామని నేను. మా అమ్మ ఏ పక్షమూ కాదు. వాణ్ణి ఒక్క ప్రశ్న వేసేది కాదు. పనులు మాత్రం చెప్పేది. "చింతపండు అయిపోయిందిరా", "ఈ సీసా మూత రావటం లేదు చూడు", "కరెంటు బిల్లు ఎంత వచ్చిందో చదివిపెట్టు". రాత్రి వాడు ఎప్పుడు గదిలో నుంచి వస్తే అప్పుడు అన్నం వడ్డించేది.

అక్టోబరులో అమ్మకు కంటి పొర ఆపరేషన్ అయింది. కొన్ని వారాలు కన్నుకు శ్రమ ఇవ్వవద్దన్నారు. రోజూ ఒక కీర్తన చదువుకోనిదే ఆమెకు కాఫీ దిగదు. మా ఆవిడ స్కూలుకు, నేను బ్యాంకుకు పోతాం. ఇంట్లో ఉండేది వాడొక్కడే. "ఒరే, నాకు కళ్ళు లేవు, నువ్వు చదువు" అంది. వాడు బడిలో చదివింది ఇంగ్లీషు, హిందీ. వీధిలో తమిళం. తెలుగు అక్షరాలు చిన్నప్పుడు నాన్నమ్మ ఒళ్ళో నేర్చుకున్నవే. ఒత్తు దగ్గర ఆగి, దీర్ఘం దగ్గర తడుముకుంటూ చదివేవాడు.

ఒక రెండో శనివారం నాకు సెలవు. బయట కుండపోత. హాల్లో పేపరు చూస్తున్నాను. లోపల 27వ కీర్తన నడుస్తోంది. చివరికి వచ్చి వాడు ఆగిపోయాడు.

"నాన్నమ్మా, కనిపెట్టుకొని అని ఉంది. టెలిఫోను కనిపెట్టింది గ్రాహంబెల్ అంటామే, అదా? దేవుణ్ణి మనం కనిపెట్టడమేమిటి?"

అమ్మ పకపకా నవ్వింది. "అది కాదురా. నీ చిన్నప్పుడు మీ అమ్మ స్కూలుకు పోతూ, అత్తయ్యా, వీణ్ణి కాస్త కనిపెట్టుకొని ఉండండి అనేది. ఆ కనిపెట్టడం."

"అంటే చూసుకోవటం గదా. దేవుణ్ణి మనం చూసుకుంటామా?"

"పొయ్యి మీద పాలు పెట్టి ఏం చేస్తాం? వంటింట్లోంచి కదలం. పొంగే ఘడియ మన చేతిలో లేదు, అయినా కన్ను తిప్పం. ఆయన కోసం అలా ఉండమని."

వాడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "మరి ఆయన?" అన్నాడు.

"ఆయనా అంతే. జూన్ నుంచి నేను నీ కోసం చేస్తున్నది ఏమిటనుకున్నావురా?"

వాడు జవాబు చెప్పలేదు. అమ్మ ఆ కీర్తన మళ్ళీ మొదటి నుంచి చదవమంది. చదివాడు.

ఇన్నేళ్ళుగా ఆ మాట ప్రసంగాల్లో వింటున్నాను. నిరీక్షణ అంటే చేతులు కట్టుకొని కూర్చోవటమనే ఎక్కువమంది అనుకుంటారు. మన తెలుగు బైబిలు అనువాదకులు ఎంచుకున్న మాటలోనే కన్ను ఉంది, కాపలా ఉంది, ప్రేమ ఉంది. కాలువ మీద కూలి ఇప్పిస్తూ ఆగిన దొరా, చేను చూసి రమ్మన్న మేనేజరూ, గొయ్యి తవ్వుతానన్న తోటమాలీ, చింతపండు తెమ్మన్న మా అమ్మా చేసింది ఈ ఒక్క పనే.

కనిపెట్టుకొని ఉంటే చాలు, అన్నీ సమకూడతాయని మాత్రం నేను చెప్పను. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను 3, 4 తేదీల్లో మా చెన్నైని ముంచి, 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ రెండు రోజులు అటు బంధువులు మాకు ఫోను, తరువాత మేం వాళ్ళకు ఫోను. కోతకు వచ్చిన వరి నీళ్ళలో పడుకుంది. రెండు వానలూ సకాలంలో పడి, చేతికి వచ్చిన పంట మూడో వానకు పోయింది. అంజూరపు చెట్టు పూయకపోయినా, పొలంలో పంట లేకపోయినా దేవునియందు ఆనందిస్తానన్న హబక్కూకు ప్రవక్త మాట పచ్చని చేను గట్టు మీద కూర్చుని చెప్పినది కాదు. మా పెదనాన్న గారి అబ్బాయి సంక్రాంతికి మళ్ళీ మినుములు చల్లానని చెప్పాడు. విశ్వాసమంటే ఆ గుప్పెడు మినుములని నా అభిప్రాయం.

మావాడికి ఈ జనవరిలో ఇక్కడే ఒక చిన్న ఉద్యోగం దొరికింది. జీతం పాతదానిలో సగానికి కాస్త ఎక్కువ. అమ్మ కళ్ళు ఇప్పుడు శుభ్రంగా కనబడుతున్నాయి, అయినా శనివారం రాత్రి కీర్తన వాడే చదువుతాడు. ఇప్పుడు ఒత్తుల దగ్గర ఆగటం లేదు. మందిరానికి మాత్రం ఇంకా రాడు. ఆదివారం మమ్మల్ని గేటు దగ్గర దించి, ఆరాధన అయ్యేసరికి వచ్చి నిలబడతాడు. మొన్న మా ఆవిడ ఉండబట్టలేక, "ఇంకా ఎన్నాళ్ళు అత్తయ్యా?" అంది. "తొలకరి పడింది గదమ్మా. కడవరి ఎప్పుడు పంపాలో ఆయనకు తెలుసు. నువ్వు పాల వైపు చూడు" అంది అమ్మ. పొయ్యి మీద నిజంగానే పాలున్నాయి.

మీలో చాలామంది మా మతంవారు కాకపోవచ్చు. కాని ఎవరి కోసమూ కనిపెట్టుకొని ఉండని ఇల్లు ఏ మతంలోనూ ఉండదు. దూరదేశం పోయిన కొడుకు, మాట్లాడని తమ్ముడు, కాన్పుకు రావలసిన కూతురు, మంచం దిగలేని తండ్రి. ఈ మూడు నెలల్లో వారికి ఒక ప్రశ్న తగ్గించి, ఒక చిన్న పని చెప్పి చూడండి. పిల్లలచేత ఇంట్లో పెద్దవాళ్ళకు రోజూ ఒక పేజీ తెలుగు చదివించండి. ఏ పుస్తకమైనా సరే. తెలియని మాట దగ్గర వాళ్ళు ఆగితే, మీరూ ఆగండి. మీ ఊళ్ళో తొలకరి ఏ నెలలో పడుతుందో, దాన్ని అక్కడి భాషలో ఏమంటారో నాకొక ఉత్తరం ముక్క రాస్తే సంతోషిస్తాను.

అందరికీ క్రిస్మస్, నూతన సంవత్సర, సంక్రాంతి శుభాకాంక్షలతో, వచ్చే సంచిక వరకు సెలవు.